కన్యాశుల్కంలో ద్వితీయ భాష: వెంకటేశం చదువు – ఒక పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో తొలి ముద్రణ, 1909లో సమూలంగా మార్చిన రెండవ ముద్రణ వెలువడ్డాయి. నాటి నుంచి ఈ నాటకంపై వచ్చిన విమర్శ ప్రధానంగా కన్యాశుల్క దురాచారం, వితంతు వివాహం, వేశ్యా సమస్య, వ్యావహారిక భాషా ప్రయోగం, గిరీశం మధురవాణి పాత్రల చిత్రణ అనే అంశాల చుట్టూ సాగింది. నాటకంలోని ఇంగ్లీషు చదువు ప్రస్తావనకు వచ్చినప్పుడు దానిని హాస్యంగానో, వలస పాలననాటి కుహనా విద్యపై అధిక్షేపంగానో వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ వ్యాఖ్యానం సరైనదే. అయితే అది సన్నివేశంలో సగభాగాన్ని మాత్రమే వివరిస్తుంది.

వెంకటేశానికి ఇంగ్లీషు ఎంత పరాయిదో, బడిలో వల్లించిన కావ్యభాష కూడా అంతే పరాయిది. ఈ రెండింటినీ గురజాడ ఒకే సన్నివేశంలో, ఒకే కుర్రవాడి నోట, ఒకదాని వెంట ఒకటిగా పలికించి పరీక్షకు పెట్టారు. ఈ జంట పరీక్షను గమనిస్తే, ద్వితీయ భాషలో ధారాళత అంటే ఏమిటి, దానిని ఎవరు నిర్ణయిస్తారు, అది ఎక్కడ కూలిపోతుంది అనే ప్రశ్నలకు నాటకంలోనే సమాధానాలు దొరుకుతాయని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం. ఇందుకు 1909 నాటి ముద్రణను ఆధారంగా తీసుకొన్నాను. ఇంట్లో సహజంగా అబ్బిన మాట తరువాత, బోధన ద్వారా చేరే ఏ భాషారూపాన్నైనా ఈ వ్యాసంలో ‘ద్వితీయ భాష’ అని వ్యవహరిస్తున్నాను.

తల్లి కోరిన సంభాషణ

గిరీశాన్ని వెంటబెట్టుకొని వెంకటేశం కృష్ణరాయపురం అగ్రహారంలోని తన ఇంటికి చేరతాడు. పరీక్ష తప్పిన సంగతి తండ్రికి ఎలా చెప్పాలన్న భయం అతన్ని వేధిస్తూనే ఉంటుంది. కొడుకు చదువు కోసం ఖర్చవుతున్న డబ్బు విషయంలో తండ్రి అగ్నిహోత్రావధాన్లు కోపంగా ఉన్నాడు. తల్లి వెంకమ్మకు మాత్రం కొడుకు ఇంగ్లీషు చదివి ఉద్యోగస్థుడవుతాడన్న ఆశ. ఆ ఆశతోనే, కొడుకూ గిరీశమూ ఇంగ్లీషులో మాట్లాడుకొంటే ఒకసారి వినాలని ఆమె ముచ్చటపడుతుంది.

అప్పుడు నడిచిన ‘సంభాషణ’ తెలుగు నాటకసాహిత్యంలో మిక్కిలి ప్రసిద్ధమైనది. నక్షత్రాల మీద చంటిపిల్లల గేయం, మండుతున్న ఓడ మీద నిలిచిన బాలుడి పద్యం, గుడారంలోని తెల్లదొరను గురించిన వాచకపు వాక్యం, సమలంబ చతుర్భుజాన్ని గురించిన రేఖాగణిత ప్రతిపాదన, నామవాచకాల బహువచన సూత్రం ఒకదానికొకటి జవాబులన్నట్టు వరుసగా దొర్లుతాయి. ఒక వాక్యానికీ మరొక వాక్యానికీ సంబంధం లేదు. పైగా ఏ వాక్యానికీ ఆ ఇంటితో, ఆ పూటతో, ఆ మనుషులతో సంబంధం లేదు.

ఇక్కడ గమనించదగినది ఆ బహువచన సూత్రం. భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ చేసిన విభజన ప్రసిద్ధమే: వాడుకలో మెలగుతూ తనకు తెలియకుండానే భాషను వశం చేసుకోవడం ఒకటి, నియమాలను స్పృహతో నేర్చుకోవడం మరొకటి. నియమం తెలిసినంత మాత్రాన వాడుక అబ్బదని ఆయన వాదం. ఈ సన్నివేశం అంతకన్నా ఒక మెట్టు కిందికి దిగుతుంది. మాటను సరిదిద్దడానికి పుట్టిన సూత్రమే ఇక్కడ మాటగా చెలామణీ అవుతోంది. భాషను గురించిన వాక్యం భాష స్థానాన్ని ఆక్రమించింది. పాఠ్యపుస్తకం దాటి భాషకు మరొక ఉనికి ఉందని తెలియని విద్యార్థి స్థితిని ఇంతకన్నా క్లుప్తంగా చూపడం కష్టం.

ఆ చదువులో వెంకటేశం తెలివితక్కువవాడని నాటకం ఎక్కడా చెప్పదు. తనకు నేర్పినది అతడు నేర్చుకొన్నాడు. ఆకలి వేస్తోందనో, తండ్రి అంటే భయమనో ఇంగ్లీషులో చెప్పడం మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు.

వినేవారి తీర్పు

ధారాళత వక్తలో ఉండే గుణమని సాధారణంగా భావిస్తాం. గురజాడ దాన్ని శ్రోత వైపునుంచి చూపించారు. వెంకమ్మకు ఇంగ్లీషు రాదు. కొడుకు మాట తప్పో ఒప్పో ఆమె తేల్చలేదు. తడుముకోకుండా సాగే ధ్వని ఒక్కటే ఆమెకు అందే ప్రమాణం. భాషకు వెలుపల నిలబడ్డవారికి ధారాళత అంటే ఆగకపోవడమే. ఏం మాట్లాడుకొన్నారని ఆమె అడిగినప్పుడు, చదువు సంగతులే మాట్లాడుకొన్నామన్న ధోరణిలో గిరీశం సర్దిచెబుతాడు. ఆ మాటను తరచి చూసే సాధనం ఆమె చేతిలో లేదు.

వెంకమ్మను అమాయకురాలిగా చూసి నవ్వుకోవడం తేలిక. కాని తాను కొన్న వస్తువు మంచిదో కాదో తెలుసుకొనే వీలులేని కొనుగోలుదారు స్థితి ఆమెది. ఆ మాటకొస్తే అగ్నిహోత్రావధాన్లది కూడా అదే స్థితి. ఇంగ్లీషు చదువును ఈసడించే ఆయనే, గిరీశం తన వ్యాజ్యాలకు పనికివస్తాడని తోచగానే మెత్తబడతాడు. ఇంగ్లీషు రాని రామప్పంతులు అది వచ్చి ఉంటే తానెంతటివాడై ఉండేవాడో అని గొప్పలు పోతాడు. ఇంగ్లీషు తెలియనివారి నడుమ ఇంగ్లీషుకు ఏర్పడిన విలువ ఇది. ఆ విలువకు అర్థజ్ఞానంతో నిమిత్తం లేదు.

ఈ దృష్టితో చూస్తే బుచ్చమ్మ స్థానం మరింత ఆలోచింపజేస్తుంది. ఆ ఇంట్లో చదువు చెప్పించుకొనే అర్హత మగపిల్లవాడికే ఉంది. వెంకటేశానికి చెబుతున్న నెపంతో గిరీశం వితంతు వివాహాన్ని గురించి మాట్లాడుతుంటే, పక్కనుండి వినే అవకాశం మాత్రమే బుచ్చమ్మకు దక్కింది. విచిత్రమేమంటే, ఆ మాటలను అర్థం చేసుకొని, వాటిని బట్టి తన జీవితాన్ని మార్చుకొనే నిర్ణయానికి వచ్చినది ఆమే. గిరీశం ఆమెను ఒప్పించినది ఇంగ్లీషుతో కాదు, ఆమెకు తెలిసిన తెలుగుతో. శ్రోతకు అర్థం కావాలన్న అవసరం కలిగినప్పుడు అతడు భాష మార్చాడు.

గిరీశం ధారాళత

వెంకటేశానికీ గిరీశానికీ మధ్య తేడా పరిమాణంలో మాత్రమే ఉందని, ఇద్దరివీ అరకొర చదువులేనని అనుకోవడం కద్దు. ఆ సంభాషణలోనే దీనికి వ్యతిరేకమైన సాక్ష్యం ఉంది. మిల్టన్ మహాకావ్యపు ప్రారంభాన్ని గిరీశం ఉన్నదున్నట్టు వల్లించడు. నిషిద్ధ వృక్షాన్ని మామిడిచెట్టుగా మారుస్తాడు. కావ్యంలో దివ్యశక్తిని సంబోధించిన చోట వెంకటేశాన్ని సంబోధిస్తాడు. వాక్యం ఎక్కడ ఏ పదాన్ని తీసి ఏ పదాన్ని పెడితే నిలుస్తుందో తెలిసినవాడే ఈ పని చేయగలడు. వెంకటేశం వాక్యాన్ని మోస్తాడు, గిరీశం దాన్ని విరిచి మళ్లీ అతికిస్తాడు. భాషాభ్యాసంలో ఒక గీటు దాటడమంటే ఇదే.

కాబట్టి గిరీశం ఇంగ్లీషును బూటకమని కొట్టివేయడం కుదరదు. అతని ఇంగ్లీషు నిజమైనదే, బూటకమైనది అతని నడత. వితంతువు దుస్థితిపై తాను రాసినట్టు చెప్పుకొనే ఇంగ్లీషు పద్యం, ఉపన్యాసాల గొప్పలు, సంస్కరణ పరిభాష అతని నోట అలవోకగా పలుకుతాయి. వాటిలో ఏ ఒక్క మాటకూ అతడు కట్టుబడి ఉండడు. ఇక్కడ గురజాడ చేసిన సూక్ష్మమైన విభజన కనిపిస్తుంది. వెంకటేశం మాటకు అర్థంతో సంబంధం తెగిపోయింది. గిరీశం మాటకు అర్థం ఉంది, బాధ్యత లేదు. ద్వితీయ భాష ఈ రెండో ప్రమాదానికి కూడా వీలు కల్పిస్తుంది. పుట్టినప్పటినుంచీ మెలగిన భాషలో అబద్ధం ఆడితే చుట్టూ ఉన్నవారు పట్టుకొంటారు. ఆ చుట్టూ ఉన్నవారెవరికీ రాని భాషలో ఆదర్శాలు వల్లిస్తే అడిగే నాథుడుండడు.

అందుకే నాటకం చివర సౌజన్యారావు పంతులు పాత్ర అవసరమైంది. ఇంగ్లీషు చదువూ నడతా రెండూ ఉన్న శ్రోత ఎదురైన చోట గిరీశం ధారాళత అక్కరకు రాలేదు. ఆయన గిరీశం మాటను భాషాపటిమతో తూచడు, ప్రవర్తనతో తూస్తాడు. ఓడిపోయి నిష్క్రమించే గిరీశం ఆఖరి మాట సైతం ఒక ఇంగ్లీషు విసుర్పుతోనే మొదలవుతుంది. అంతవరకు ఇతరులను మెప్పించడానికి వాడిన భాషలో అతడు తన సొంత నిస్పృహను పలికిన చోటు అది.

కరటకశాస్త్రి ప్రశ్న

ఇంగ్లీషు సంభాషణ ముగిసిన తరువాత సన్నివేశం ఆగి ఉంటే దాన్ని ఇంగ్లీషు చదువుపై అధిక్షేపంగానే తీసుకోవలసివచ్చేది. గురజాడ దాన్ని అక్కడితో ఆపలేదు. మేనమామ కరటకశాస్త్రి ఆ కుర్రవాణ్ణి తెలుగు పద్యం చదవమంటాడు. వెంకటేశం భారతంలోని నలోపాఖ్యానం నుంచి నన్నయ పద్యాన్ని అందుకొంటాడు. అందులో మన్మథాగ్నిని సూచించే ఒక సంస్కృత సమాసానికి అర్థమేమిటని శాస్త్రి ప్రశ్నిస్తాడు. వెంకటేశం చెప్పలేడు. గిరీశం అడ్డుపడి అతన్ని వెనకేసుకొస్తాడు.

ఈ చిన్న ప్రశ్నతో సన్నివేశపు అర్థం మారిపోతుంది. ఇంగ్లీషు గేయం విషయంలో ఎవరూ అడగని ప్రశ్న తెలుగు పద్యం విషయంలో ఎదురయింది. జవాబు మాత్రం రెండు చోట్లా ఒక్కటే, మౌనం. మాతృభాష తెలుగైనంత మాత్రాన నన్నయ పద్యం వెంకటేశానికి మాతృభాష కాలేదు. ఒకే భాషాసమాజంలో ఇంట మాట్లాడే రూపం, బడిలో నేర్పే గౌరవప్రదమైన రూపం వేరువేరుగా ఉండే స్థితిని చార్లెస్ ఫెర్గూసన్ 1959లో డైగ్లోసియా అనే పేరుతో వివరించారు. ఆ ఉన్నత రూపం ఎవరికీ తల్లి ఒడిలో అబ్బేది కాదని, అందరూ దాన్ని బోధన ద్వారానే పొందుతారని ఆయన సిద్ధాంతం. దానికి అర్ధశతాబ్దం ముందే గురజాడ ఆ పరిస్థితిని రంగస్థలం మీద నిలిపారు.

ప్రశ్న అడిగిన వ్యక్తి ఎవరన్నది కూడా ముఖ్యమే. పద్యం కంఠస్థం చేయడాన్ని కరటకశాస్త్రి తప్పుపట్టడం లేదు. ఆయన సంప్రదాయ విద్యలో తయారైనవాడు, నాటకాలలో విదూషకుడి వేషం కట్టేవాడు. ఆయన ఎరిగిన చదువులో ధారణ తరువాత ప్రతిపదార్థం, దాని తరువాత తాత్పర్యం వస్తాయి. ధారణ అక్కడ తొలి మెట్టు. కొత్త బడి ఆ తొలి మెట్టును మాత్రం తీసుకొని, అదే మేడ అనుకొంది. కాబట్టి ఈ సన్నివేశాన్ని పాత చదువుకూ కొత్త చదువుకూ మధ్య పోటీగా చదవడం కన్నా, అర్థాన్ని అడిగే చదువుకూ అడగని చదువుకూ మధ్య ఉన్న వైరుధ్యంగా చదవడం సమంజసం. కంఠస్థ విద్యను గురజాడ పూర్తిగా నిరాకరించారన్న అభిప్రాయాన్ని ఈ సన్నివేశం బలపరచదు.

నాటకం వెలుపలి సాక్ష్యం

ఈ పఠనానికి గురజాడ జీవితమే బలమైన ఆధారం. ఆయన సాహిత్య జీవితం ఇంగ్లీషు కవిత్వంతో మొదలైంది. 1883లో రచించిన ‘సారంగధర’ అనే ఇంగ్లీషు కావ్యం ‘ఇండియన్ లీజర్ అవర్’ పత్రికలో వెలువడింది. దాన్ని చదివి మెచ్చుకొన్న బెంగాలీ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, మాతృభాషలో రచన చేయమని ఆయనకు సూచించారు. ఆ తరువాత కూడా గురజాడ దినచర్యలు, ఉత్తరాలు చాలావరకు ఇంగ్లీషులోనే సాగాయి. కన్యాశుల్కం రెండు ముద్రణలకూ పీఠికలు ఇంగ్లీషులోనే రాశారు. వ్యావహారిక తెలుగును సమర్థిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం సైతం ఇంగ్లీషులోనే ఉంది.

ఇందులో వైరుధ్యం ఉన్నట్టు తోచవచ్చు. నిజానికి ద్వితీయ భాషను అర్థంతోనూ బాధ్యతతోనూ వశం చేసుకొన్న వ్యక్తి స్థితి ఇది. గిరీశానికున్న పటిమ గురజాడకూ ఉంది. ఆయన దాన్ని ఆ భాష తెలిసిన అధికారుల ఎదుట, ఆ భాష తెలియని విద్యార్థుల పక్షాన వాదించడానికి వినియోగించారు.

వ్యావహారిక భాషోద్యమపు పుట్టుకలో సైతం ద్వితీయ భాషాభ్యాసకుల పాత్ర ఉంది. 1907 ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకొంటూ, పుస్తకాల తెలుగు జనం నోట వినిపించకపోవడానికి కారణమేమిటని ప్రశ్నించాడు. పుట్టి పెరిగిన భాషలో ఈ తేడాను మనం గాలిలా పీల్చివదిలేస్తాం. బయటినుంచి వచ్చిన అభ్యాసకుడికి మాత్రం అది గోడలా తగులుతుంది. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తిని చేరేనాటికి ఆయన అప్పటికే మరొక భాష విషయంలో అదే గోడను వేరే దారిలో దాటి ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకొన్నారు. ఆ భాషకు పుస్తకాలు లేవు. మాట్లాడేవారి నోటినుంచి వినడం, అనడం, తప్పయితే దిద్దుకోవడం తప్ప గత్యంతరం లేదు. 1931లో వెలువడిన సవర వ్యాకరణం, 1938లో వచ్చిన సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆ వినికిడి ఫలితాలు. వాడుక ముందు, వ్యాకరణం తరువాత అన్న క్రమం ఆయనకు సిద్ధాంతం కన్నా ముందు అనుభవంగా తెలుసు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు మొదలుకావాలని ఆయన చేసిన కృషి కూడా ఈ అనుభవం నుంచే పుట్టింది.

నేటి తరగతిగది

ఈ చర్చ గతానికి పరిమితమైనది కాదు. నేడు ఇంటర్మీడియట్ పాఠ్యప్రణాళికలో తెలుగు అధికారికంగానే ‘ద్వితీయ భాష’. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి కావ్యభాషతోపాటు లిపి, సాధారణ లిఖిత భాష కూడా క్రమంగా దూరమవుతున్నాయి. సవర, కోయ, గోండి వంటి భాషలు ఇంట మాట్లాడే పిల్లలకు బడి తెలుగు ద్వితీయ భాష, ఇంగ్లీషు తృతీయ భాష. వెంకటేశం ఎదుర్కొన్న రెండు గోడలు వారికి మూడయ్యాయి.

పరిశోధన మధ్యలో కొంతకాలం ఒక డిగ్రీ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు తెలుగు చెప్పాను. ఒక విద్యార్థిని పోతన గజేంద్రమోక్షంలోని పద్యాన్ని ఒక్క అక్షరం జారకుండా చదివింది. పదాలకు అర్థం అడిగితే తల దించుకొంది. అదే అమ్మాయి ఇంగ్లీషులో తన స్వపరిచయాన్ని నిమిషంపాటు గడగడా అప్పగించగలదు. నిన్న సాయంత్రం ఏం చేశావని ఇంగ్లీషులో అడిగితే ఆ గడగడ ఆగిపోయింది. మరునాడు ప్రశ్న మార్చాను. పుస్తకం మూసి, ఏనుగు ఏమంటోందో మీ ఇంట్లో మాట్లాడుకొనే మాటల్లో చెప్పమన్నాను. కాసేపు తటపటాయించి, “దానికిక వోపిక లేదు మేడమ్. ఇగ నీవే దిక్కు, నన్ను తిట్టినా సరే గానీ వచ్చి కాపాడు అని బతిమాలుతాంది” అన్నది. ఆ పద్యపు ఆర్తి ఆ మాటల్లో ఉంది. ఆ తరువాత పద్యంలోని ఒక్కొక్క పదం దగ్గరకు తానే వెళ్లి, ఏ మాట ఎక్కడుందో వెతుక్కొంది. ఇంటి మాట తరగతిలో మాట్లాడకూడదని తాను అనుకొన్నట్టు చెప్పింది.

ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం నిలవదని ఎరుగుదును. అయినా ఆ పూట జరిగినది కరటకశాస్త్రి ప్రశ్నకు తరువాతి మెట్టు. ఆయన అర్థం అడిగాడు, కాని ఆ అర్థం ఏ భాషలో చెప్పాలో ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. ఇంటి మాటను బడి గుమ్మం దగ్గర వదిలి రమ్మన్న చదువులో, అర్థం చెప్పడానికి కావలసిన పనిముట్టు కూడా గుమ్మం బయటే మిగిలిపోతుంది.

ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. కన్యాశుల్కం ద్వితీయ భాషలోని ధారాళతను ఏకరూపమైన గుణంగా చూపదు. వెంకటేశంలో అది అర్థం తెగిన ధ్వని. గిరీశంలో అది అర్థం ఉండీ బాధ్యత లేని పటిమ. వెంకమ్మ, అగ్నిహోత్రావధాన్లు, రామప్పంతులు వంటి శ్రోతలు ఆ రెండింటికీ తేడా తెలియని స్థితిలో దానికి విలువ కడతారు. నన్నయ పద్యాన్ని ఇంగ్లీషు గేయం పక్కన పెట్టడం ద్వారా గురజాడ సమస్యను ఇంగ్లీషు నుంచి బోధనా పద్ధతికి మళ్లించారు. కావ్యభాష కూడా విద్యార్థికి ద్వితీయ భాషేనని గుర్తించడం ఆయన వ్యావహారిక భాషావాదానికి పునాది.

నేడు ఇంగ్లీషు మాధ్యమమా, తెలుగు మాధ్యమమా అన్న వాదం జోరుగా సాగుతోంది. ఏ మాధ్యమంలోనైనా విద్యార్థి తాను పలికిన వాక్యాన్ని విరిచి మళ్లీ అతికించగలుగుతున్నాడా, తన ఇంటి మాటలో దాని అర్థం చెప్పగలుగుతున్నాడా అని అడిగేవారు తక్కువ. ఆ పరీక్ష పెట్టనంతకాలం మాధ్యమం మారినా వెంకటేశం పాఠం మారదు. అతడు తప్పిన పరీక్ష ఏదో నాటకం చెబుతూనే ఉంది. ఆ పరీక్ష పత్రాన్ని తయారు చేయవలసినవారు మాత్రం భాషా బోధకులమైన మనమే.